దున్నకొండ మీద లేని ఫిరంగి

గవ్వలపాలెంలో గానుగ దాలయ్య అబద్ధమాడి ఎరగడని చెప్పలేం గాని, ఆడిన ప్రతి అబద్ధమూ అతనికి గుర్తుండేది. యాభై రెండేళ్ల బతుకులో అవి మొత్తం నాలుగు. మూడు పెళ్లి సంబంధాలు కుదర్చడానికి ఆడినవి. వాటికి శాస్త్రంలోనే మినహాయింపు ఉందని పురోహితుడు ధైర్యం చెప్పాడు. నాలుగోది మాత్రం సర్కారువారు తామే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకున్న అబద్ధం. దాని పాపం తన ఖాతాలో పడుతుందో, సీమలో ఉన్న రాణిగారి ఖాతాలో పడుతుందో దాలయ్యకు చాలాకాలం తేలలేదు.

ఆ సంగతి ఇదీ.

సముద్రం మీద రష్యావాడు దండెత్తి వస్తాడని ఆ రోజుల్లో దొరలకు ఒక బెంగ పట్టుకుంది. గవ్వలపాలెంలో ఉన్నవల్లా ఉప్పు, ఎండుచేపలు, దాలయ్య గానుగలో ఆడిన నువ్వులనూనె. "ఎండుసేపల కోసం ఆడు అంత దూరంనుంచి వొస్తాడేటి? కబురెడితే మనమే పంపుతాం గదా" అంది దాలయ్య భార్య ఎల్లారమ్మ. కాని ఆవిణ్ణి అడిగినవాళ్లెవరు? మాఘమాసంలో ఓడ మీద ఒక ఫిరంగి దిగింది. బరువు వెయ్యి మణుగులకు పైమాట. దాని నోట్లోకి పిల్లాడు దూరి అటునుంచి ఇటు తిరిగి రావచ్చు.

దాన్ని రేవునుంచి ఊరి పక్కనున్న దున్నకొండ మీదికి చేర్చాలి. పడుకున్న దున్నపోతులా ఉంటుంది కనుక ఆ పేరు. అరవై నాలుగు ఎడ్లు, జమీందారుగారు అరువిచ్చిన రెండు ఏనుగులు, ఊళ్లో మగాళ్లందరూ కలిసి, తాటిదుంగల మీద దొర్లించుకుంటూ, బజారు నడివీధిలోంచి పదకొండు రోజులు లాగారు. దుంగలు జారడానికి ఆముదం పోసినవాడు దాలయ్య. ముందు మేళం వాయించారు. పంతులు బడికి సెలవిచ్చాడు. ముత్తైదువలు హారతులిచ్చి, ఎల్లారమ్మ చేత ఫిరంగి మూతికి పసుపూ కుంకుమా పెట్టించారు. ఆవిడే కొబ్బరికాయ కొట్టి, పగిలిన చెక్కల్లో ఒకటి ఫిరంగి లోపలికి విసిరింది, నైవేద్యం అందాలని.

పన్నెండో రోజున అది కొండెక్కింది. పదమూడో రోజున మదరాసునుంచి తాఖీదు వచ్చింది: ఈ ఫిరంగి పరమ రహస్యం.

నిజానికి రహస్యంగా ఉండటానికే ఆ ఫిరంగిని పుట్టించారట. అది కొండమీద ఒక గోతిలో దాక్కుంటుంది. పీపాలో బిగించిన గాలీ నీళ్లూ పైకి తంతే తల ఎత్తి, పేలి, ఆ ఊపుకే మళ్లీ గోతిలోకి కూలబడుతుంది. సముద్రంలో శత్రువుకు కొండ తప్ప ఏమీ కనిపించదు. ఇంత తెలివైన ఫిరంగి ఉన్నట్టు ఊరికి తెలియకూడదని సర్కారువారి అభిమతం. ఆ అభిమతం ఊరికి తెలియాలి కాబట్టి దండోరా వేయించారు.

"గవ్వలపాలెం జనులకు తెలియజేయడమేమనగా, దున్నకొండ మీద ఫిరంగి లేదహో! దాన్ని ఎవ్వరూ చూడలేదహో!"

అంతవరకూ ఫిరంగి ఊసే ఎరగని పక్క నాలుగు ఊళ్లవాళ్లూ ఆ దండోరా విని, చద్దిమూటలు కట్టుకుని, లేని ఫిరంగిని చూడటానికి బళ్ల మీద వచ్చారు.

ఇక లాభం లేదని ఇంటికొకరి చేత ముచ్చలిక రాయించమన్నారు. ముచ్చలిక అంటే సర్కారుకు రాసిచ్చే హామీ కాగితం. ఆ పని సిరస్తాదారు జోగారావు పంతులుగారి మీద పడింది. కచేరీలో ఆయనది కెప్టెను దొర తర్వాతి కుర్చీ. ఆయన ఇంట్లో మజ్జిగ అడిగినా తాఖీదు చదివినట్టే అడుగుతారని చెప్పుకునేవారు.

"ఏమోయ్ దాలయ్యా, నీవు ఫిరంగిని చూచితివా?"

"సూడ్డవేటి బావూ? పదకొండు రోజులూ దుంగలకి ఆవదం నానే పోసినాను గదా."

"పోయలేదు."

"పోసినాను బావూ. మీరే ఇంకో కుండ తెమ్మన్నారు."

"అననూ లేదు, నీవు తేనూ లేదు. అట్లని తాఖీదు సెలవిచ్చుచున్నది. నీవు తాఖీదు కన్న అధికముగా ఎరుగుదువా?"

దాలయ్య తల గోక్కున్నాడు. సోమవారాలు ఉపవాసముండే మనిషి. తెలియని సంగతి అడిగి తెలుసుకోవడంలో తప్పు లేదని నమ్మినవాడు.

"ఒక్క మాట అడుగుతాను, కోపం సెయ్యకండి. సివుణ్ణి నాను కళ్లతో ఎప్పుడూ సూడనేదు. ఉన్నాడని నమ్ముతున్నాను. దీన్ని కళ్లతో సూసినాను, సేత్తో ముట్టుకున్నాను. నేదని ఎలగ నమ్మీది?"

సిరస్తాదారు కలం కింద పెట్టాడు. ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూస్తున్న ప్రశ్నలా ఉంది అది.

"అది భక్తి, ఇది రాజభక్తి. అందు చూడనిదానిని ఉన్నదనవలెను. ఇందు చూచినదానిని లేదనవలెను. రెంటికిని కావలసినది శ్రద్ధయే. వేలు ఇటు తెమ్ము."

దాలయ్య వేలికున్న ఆముదం ఇంకా వదల్లేదు. ముచ్చలిక మీద సిరా ముద్ర చుట్టూ చక్కటి నూనెమరక పడింది. అది చూసి "ఇదేమి?" అన్నాడు సిరస్తాదారు. "ఏమీ నేదు బావూ" అన్నాడు దాలయ్య. అంత త్వరగా నేర్చుకున్నందుకు సిరస్తాదారు అతణ్ణి మెచ్చుకున్నాడు.

వైశాఖంలో ఒక మిట్టమధ్యాహ్నం ఫిరంగిని మొదటిసారి పేల్చారు. కొండకింద దాలయ్య ఇంటిపెంకులు సగం జారాయి. గానుగెద్దు తన జన్మలో మొదటిసారి ఎదురు తిరిగి నడిచింది. ఎల్లారమ్మ ఆవకాయ జాడీని కావలించుకుని కూర్చుంది. కచేరీ రిజిస్టరులో మాత్రం సిరస్తాదారు ఇలా రాశాడు: "మధ్యాహ్నము పన్నెండున్నరకు ఉరుము ఒకటి."

కాని ఊళ్లో ఉరుము వినగానే జనమంతా ఆకాశం వైపు కాక కొండవైపు చూశారు. అది రాజద్రోహం కాకపోయినా దాని మేనల్లుడి వరస. అందుకని ఫిరంగి బాధ్యత చూసే కెప్టెను దొర మరో ఉత్తర్వు వేశాడు. దొర మంచివాడే. ఎదురుపడితే పిల్లలకు బిస్కత్తులిచ్చేవాడు. కాని ఆయన దగ్గర నిబంధనల పుస్తకం ఒకటి ఉండేది, అది ఆయనకంటే పై హోదాలో ఉండేది. ఉత్తర్వు ఏమంటే: ఉరుము వినబడినప్పుడు ప్రజలు వర్షం వస్తున్నట్లు నడుచుకోవాలి.

అప్పటినుంచి గవ్వలపాలెం బజారులో ఎండ నిప్పులు చెరుగుతుంటే ఢామ్మని ఉరిమేది. వెంటనే అందరూ తాటాకు గొడుగులు విప్పేవారు. అంగళ్లవాళ్లు బెల్లం మీద గోనెలు కప్పేవారు. ఆడవాళ్లు ఒడియాలు లోపలికి తెచ్చి, అయిదు నిమిషాలాగి మళ్లీ ఎండలో పెట్టేవారు. దాలయ్యకు నువ్వులు ఎత్తి పోసి, ఎత్తి పోసి, నడుం పట్టేసింది. జవాను సన్యాసి వీధుల్లో తిరిగి గొడుగు లేనివాళ్లని "తడిసిపోతన్నావు, కనపడ్డం నేదా?" అని గదమాయించేవాడు. ఆ ఏడు ఎండాకాలంలో ఇరవై ఆరు ఉరుములు ఉరిమాయి. చినుకు పడలేదు. రిజిస్టరు చూసిన మదరాసువారు గవ్వలపాలెంలో వర్షాలు సమృద్ధి అని సంతోషించారు.

ఆషాఢంలో ఉప్పు ఎత్తడానికి ఒక పరదేశపు ఓడ వచ్చింది. దాని కప్తాను ఒడ్డున దిగి, జేబులోంచి ఒక బొమ్మల పత్రిక తీసి, "ఈ కొత్త ఫిరంగి ఎక్కడ? చూసిపోదామని వచ్చాను" అన్నాడు. లండనులో అచ్చయిన ఆ పత్రికలో ఫిరంగీ, ఏనుగులూ, దున్నకొండా, మూతికి బొట్టుపెడుతున్న ఎల్లారమ్మా ఉన్నారు. కొలతలు కింద రాసి ఉన్నాయి. కెప్టెను దొర ఎర్రబడ్డాడు. నిబంధనల పుస్తకం తిరగేశాడు. బొమ్మను కాదనడానికి వీల్లేదు. అచ్చయినది ఇంగ్లీషు పత్రికలో. కనుక బొమ్మలో కొండ ఈ కొండ కాదు. ఎందుచేతనంటే ఇక్కడ కొండ లేదు.

ఆ మాట దొర తప్పించుకోవడానికి అన్నదే గాని, అన్న తర్వాత ఆలోచిస్తే ఆయనకు అందులో గొప్ప యుద్ధనీతి కనిపించింది. ఫిరంగికి కొండ కావాలి. కొండ కనిపిస్తే శత్రువు ఫిరంగిని అనుమానిస్తాడు. కొండే లేకపోతే? పదిహేను రోజుల్లో మదరాసువారు ఒప్పుకున్నారు. కొత్త పటాల్లో దున్నకొండ ఉన్నచోట బల్లపరుపుగా తెల్లకాగితం వదిలేశారు.

కొండ అనే మాట వాడకూడదు కాబట్టి జనం దానికి వేరే దారులు వెతుక్కున్నారు. "సీతాలమ్మ ఇల్లెక్కడ?" అంటే "ఆయాసం వొచ్చే సోటుకి ఇవతల" అనేవారు. సాయంత్రం నాలుగున్నరకే కొండనీడ ఊరిమీద పడేది. అది ఎక్కడిదని బడిపిల్లాడు అడిగితే, ఈ ప్రాంతంలో పొద్దు కొంచెం ముందు గుంకుతుందని పంతులు బోధించాడు. మేకలు మాత్రం ఉత్తర్వు పట్టించుకోకుండా ఎక్కుతూనే ఉన్నాయి. వాటికి ముచ్చలిక రాసే వీలు లేదు.

వీటన్నిటినీ దాలయ్య నవ్వుకుని సరిపెట్టుకున్నాడు. ఆశ్వయుజం వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

దాలయ్య తాతనాటినుంచీ కార్తీకం నెల్లాళ్లూ దున్నకొండ మీద ఆకాశదీపం ఎత్తడం వాళ్ల ఇంటి మొక్కు. పొడుగాటి వెదురుగడ, దానికి తాడు, చిల్లుల ఇత్తడిచెంబులో నువ్వులనూనె దీపం. పొద్దుగుంకే వేళకు శివనామం చెప్పి పైకి లాగుతారు. అది పైనున్న పితృదేవతలకు దారి చూపుతుందని పురాణం. కింద చేపలు పట్టే పల్లెకారులకు దారి చూపుతుందన్నది దాలయ్య కళ్లారా చూసినది. గవ్వలపాలెం ఒడ్డుముందు కోరరాళ్లు అనే, నీటిలో మునిగిన బండలున్నాయి. పొద్దుపోయి తిరిగొచ్చే తెప్పలు కొండమీది దీపాన్ని ముక్కుకు సూటిగా పెట్టుకుని వస్తే బండల మధ్య సందులోంచి క్షేమంగా ఒడ్డెక్కుతాయి.

కొండెక్కి దీపం ఎత్తుకోనివ్వమని దాలయ్య అర్జీ పెట్టుకున్నాడు. పది రోజులకు జవాబు వచ్చింది.

"నీ అర్జీయందు పేర్కొనబడిన కొండ సర్కారు లెక్కలలో లేనందున, దానిపైకి పోవుటకు అనుమతి నొసగుటకు గాని, నిరాకరించుటకు గాని ఈ కచేరీకి అధికారము లేదు. కావున అర్జీ కొట్టివేయడమైనది. దీపమును నీ పెరటియందు పెట్టుకొనవచ్చును."

కార్తీక పాడ్యమి నాడు దాలయ్య పెరట్లో గడ పాతి దీపం ఎత్తాడు. గానుగపాక కప్పును దాటి అది కనిపించలేదు. విదియనాడు సాయంత్రం గాలి తిరిగింది. పల్లెపెద్ద ఎర్రన్న తమ్ముడి తెప్ప కోరరాళ్లకు కొట్టుకుని విడిపోయింది. అతను ఒక దుంగను పట్టుకుని ఒడ్డుకు చేరాడు గాని, కుడిచెయ్యి విరిగింది.

మర్నాడు ఎర్రన్న దాలయ్య గుమ్మంలో కూలబడ్డాడు. అరవడానికి వచ్చినవాడు, అరవలేకపోయాడు.

"మావా, నీ పెరటి దీపం సూసుకుని వొస్తే తెప్ప తిన్నగా నీ గానుగలోకి వొస్తాది. అంతే. ఇయ్యాల గాలి బాగున్నాది, సేపలు అదును మీదున్నాయి. ఎల్లకపోతే పిల్లలకి కూడు నేదు. ఎల్తే తిరిగొస్తామో నేదో. ఏటి సెయ్యమంటావు?"

"ఎల్లండి" అన్నాడు దాలయ్య. అన్నాక, ఎందుకన్నానా అని భయపడ్డాడు.

తెప్పలు వెళ్లాయి. దాలయ్య గానుగ చుట్టూ ఎద్దుతో పాటు తిరిగాడు. మొక్కు తప్పితే శివుడు క్షమిస్తాడు, ఆయన భోళావాడు. రాళ్లు క్షమించవు. కలం పట్టడం రాకపోయినా అక్షరాలు కూడబలుక్కోగలడు కనుక, రొంటిని దోపుకున్న సర్కారు జవాబు తీసి మళ్లీ మళ్లీ చదివాడు.

"అలగ గొణుక్కోకపోతే నాకూ సదివి ఇనిపించొచ్చు గదా" అంది ఎల్లారమ్మ.

చదివాడు. ఆవిడ చేట పక్కన పెట్టింది.

"ఎల్లమనడానికి అధికారం నేదన్నాడా?"

"నేదన్నాడు."

"ఎల్లొద్దనడానికో?"

దాలయ్య కాగితం మరోసారి చూశాడు. "దానికీ నేదన్నాడే."

"మరింక కూకున్నావేటి? లెగు, ఒత్తి సేస్తాను."

పొద్దు వాలుతుండగా దాలయ్య గడ భుజాన వేసుకుని, నూనెచెంబు పట్టుకుని, ఆయాసం వచ్చే చోటు ఎక్కాడు. గోతిలో ఫిరంగి తల వంచుకుని పడుకుని ఉంది. మూతి మీద ఎల్లారమ్మ పెట్టిన బొట్టు ఇంకా చెరగలేదు. దానికి పది అడుగుల అవతల, తాతనాటి గుంటలోనే గడ పాతి, దీపం వెలిగించి, తాడు లాగాడు. చెంబు పైకి వెళ్లి నిలిచింది. అప్పుడు జవాను సన్యాసి రొప్పుతూ వచ్చి అతని రెక్క పట్టుకున్నాడు.

కచేరీలో దొర, సిరస్తాదారు ఇద్దరూ ఉన్నారు. కొండ మీద దీపం అనగానే దొర బల్ల గుద్దాడు. కఠినశిక్ష అన్నాడు. సిరస్తాదారు కాగితం తీసి నేరం రాయడం మొదలుపెట్టాడు.

"ముద్దాయి దాలయ్య, నూనె సహితముగా, సాయంకాలము ఐదున్నరకు..." కలం ఆగింది. "సన్యాసీ, ఇతడిని ఎక్కడ పట్టుకొంటివి?"

"కొండ మీద బావూ."

"ఏ కొండ?"

సన్యాసి నాలుక కరుచుకున్నాడు. "ఏ కొండా నేదు బావూ."

సిరస్తాదారు నుదురు తుడుచుకుని మళ్లీ రాశాడు. "సముద్రమట్టమునకు రెండువందల అడుగుల ఎత్తున..." ఇంగ్లీషులోకి మార్చి దొరకు వినిపించాడు. దేని మీద అని దొర అడిగాడు. దేని మీదా కాదు హుజూర్, పటము ప్రకారము అక్కడ గాలి తప్ప మరేమియు లేదు అన్నాడు సిరస్తాదారు.

దొర నిబంధనల పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు.

"బావూ" అన్నాడు సన్యాసి బితుకుబితుకుమంటూ, "నాను ఈడి రెక్క పట్టుకున్నాను గదా. నానూ గాల్లో ఉన్నట్టేనా? ఆ కాగితం మా ఇంటిది ఇంటే నన్ను ఇంట్లోకి రానీదు."

దొర నిబంధనల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు. గాలిలో నిలబడుట నేరమని ఎక్కడా లేదు. సిరస్తాదారు గొంతు తగ్గించి మరో చిక్కు విన్నవించాడు.

"ఈ మహజరు మదరాసునకు పోయినచో, గవ్వలపాలెమున ఆధారము లేక రెండువందల అడుగుల ఎత్తున నిలువగల ఇద్దరు ప్రజలున్నారని వారు గ్రహింతురు. ఇద్దరిని పటాలములో చేర్చుకొని, ఇంకెందరున్నారని హుజూరువారిని అడుగుదురు."

దాలయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని చూపు మాత్రం కిటికీలోంచి సముద్రం మీద ఉంది. చీకటి పడుతోంది. ఒక్క తెప్పా కనిపించడం లేదు. లోపల శివనామం ఆగకుండా నడుస్తోంది.

దొర అతని చూపు వెంట తనూ చూశాడు. కిటికీ పైభాగాన, నల్లటి ఆకాశంలో, పసుపుపచ్చగా ఒక వెలుగు నిశ్చలంగా ఉంది. దాని కింద కొండ ఉందో లేదో ఆ చీకట్లో నిజంగానే తెలియడం లేదు.

అదేమిటని దొర అడిగాడు.

సిరస్తాదారు చూశాడు. దీపమంటే గడ ఉండాలి, గడకు నేల ఉండాలి, నేలంటే కొండ. ముప్ఫై ఏళ్ల ఉద్యోగం ఒక్క క్షణంలో ఆయన కళ్లముందు తిరిగింది.

"నక్షత్రము, హుజూర్."

దొర చాలాసేపు దాన్ని చూశాడు. తర్వాత నిబంధనల పుస్తకం మూశాడు. నక్షత్రాల మీద సైన్యానికి అధికారం లేదని ఆయనకు తట్టినట్టుంది. ముఖం తేటపడింది.

అప్పుడే వాకిట్లో అలికిడి అయింది. ఒళ్లంతా నీళ్లు కారుతూ ఎర్రన్న, వెనక పది పన్నెండు మంది పల్లెకారులు. దాలయ్యను పట్టుకెళ్లారని ఒడ్డున విని తిన్నగా వచ్చారు.

"అన్ని తెప్పలూ వొచ్చేసినాయి మావా! నీ దీపం సూసుకునే..."

"దీపము కాదు" అన్నాడు సిరస్తాదారు గట్టిగా. "నక్షత్రము."

ఎర్రన్న దాలయ్య వైపు చూశాడు. దాలయ్య కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఏదైతేనేటి బావూ, ఒడ్డు దొరికినాది" అని, ఎర్రన్న ఒక పెద్ద వంజరం చేపను కచేరీ బల్ల మీద, గాలిలో నిలబడిన నేరం రాసిన కాగితం మీదే పెట్టాడు. ఆ కాగితం ఇక దేనికీ పనికిరాలేదు.

ఆ రాత్రికే రిజిస్టరులో ఉరుముల పేజీ తర్వాతి పేజీలో సిరస్తాదారు స్వహస్తాలతో రాశాడు: "కార్తీకమాసమందు నైరుతిదిక్కున ఒక నక్షత్రము కానవచ్చును. ప్రొద్దు గుంకగనే ఉదయించును. నూనె అయిపోగనే అస్తమించును." మదరాసువారు దానికి సంఖ్య వేసి పంపారు.

ఆ నక్షత్రం సరిగ్గా రహస్య ఫిరంగి నెత్తిన వెలుగుతోందని, దాన్నిబట్టి ఇరవై మైళ్ల దూరంనుంచి ఏ ఓడైనా ఫిరంగిని వేలు పెట్టి చూపవచ్చని దొరకు తట్టలేదు. దాలయ్యకు తట్టింది. కాని అతను ముచ్చలిక రాసిచ్చిన మనిషి. లేని ఫిరంగి గురించి ఎలా చెబుతాడు?

పాపం ఎవరి ఖాతాలో అన్న ప్రశ్న ఒక్కటి అతనికి మిగిలిపోయింది. శివుడి దగ్గర తేల్చుకుందాం అనుకున్నాడు. ఆ ఏటినుంచీ కార్తీకం నెల్లాళ్లూ, నీడ ఊరిమీద పడగానే, ఎల్లారమ్మ గానుగపాకలోకి తొంగిచూసి కేకవేసేది:

"ఇదిగో, పొద్దు గుంకుతున్నాది, లెగు! నచ్చత్రానికి నూనె పొయ్యాల."